ఆఫ్రికా బడి పిల్లల చదువు, ఆరోగ్యం మీద ఇంటి దగ్గర నుంచే పరిశోధన చేయడం ఎలా

"ఆఫ్రికా దేశాల్లో విద్యార్థుల చదువు, ఆరోగ్యం, సంక్షేమం" అని డిజర్టేషన్‌కి టైటిల్ పెట్టుకున్నారా? ముందు దాన్ని కొట్టేయండి. 54 దేశాలున్న ఖండం అది. ట్యునీషియాలో పదో తరగతి చదివే అమ్మాయినీ, దక్షిణ సూడాన్‌లో బడి మొహం చూడని పిల్లాడినీ కలిపి సగటు తీస్తే అది ఇద్దరిలో ఎవరికీ వర్తించదు. ఒక దేశం, ఒక వయసు, ఒక ప్రశ్న, అంతే. ఎంఏ, ఎంఎస్‌డబ్ల్యూ, ఎంఈడీ, పబ్లిక్ హెల్త్ చదువుతూ అక్కడికి వెళ్లేంత డబ్బూ టైమూ లేనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విమానం ఎక్కకుండా చేయగలిగిన పని చాలా ఉంది, డేటా కూడా ఎక్కువభాగం ఉచితమే. కానీ ఉచితం కదా అని దొరికిన ఫైలల్లా దించుకుంటూ పోతే ఆర్నెల్లు గడిచిపోతాయి, థీసిస్‌లో ఒక్క పేజీ కూడా తయారవదు.

ఏ దేశం తీసుకోవాలి?

తెలుగువాళ్లకైతే నా ఓటు ఇథియోపియాకి. దీనికి కారణం యంగ్ లైవ్స్ అనే అధ్యయనం. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి నడిచే ఈ అధ్యయనం 2002 నుంచి నాలుగు దేశాల్లో సుమారు 12,000 మంది పిల్లలను, వాళ్లు పెద్దవాళ్లయ్యేదాకా, మళ్లీ మళ్లీ కలుస్తూ వస్తోంది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇండియా. ఇందులో ఇండియా అంటే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అన్నమాట. శ్రీకాకుళం, పశ్చిమగోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ పిల్లలు. అంటే ఇథియోపియాలోని అమ్హారా ప్రాంతంలో ఎనిమిదేళ్ల పిల్లను అడిగిన ప్రశ్నల్లో చాలావాటిని మహబూబ్‌నగర్‌లో అదే వయసు పిల్లనూ అడిగారు. మీకు ఒక పక్క సొంతంగా తెలిసిన ఊళ్లు, ఇంకో పక్క నేర్చుకోవాల్సిన ఊళ్లు. ఇలాంటి అవకాశం ఉన్నా మన యూనివర్సిటీల్లో దీన్ని వాడుకునేవాళ్లు తక్కువే, నాకు అదే ఆశ్చర్యం.

ఇథియోపియా, ఇండియా రెండింట్లోనూ 2001-02 ప్రాంతంలో పుట్టినవాళ్లు దాదాపు 2,000 మంది, 1994-95 ప్రాంతంలో పుట్టినవాళ్లు దాదాపు 1,000 మంది ఉంటారు. మొదటి రౌండు 2002లో, తర్వాత 2006-07, 2009, 2013, 2016లో, కోవిడ్ టైములో ఫోన్ మీద, ఆ తర్వాత 2023-24లో. ఇథియోపియాలో అడిస్ అబాబాతో పాటు అమ్హారా, ఒరోమియా, టిగ్రాయ్, అప్పటి దక్షిణ ప్రాంతం, మొత్తం 20 చోట్ల నుంచి పిల్లలను తీసుకున్నారు.

ఇక్కడే మొదటి హెచ్చరిక. ఈ 20 చోట్లను కావాలనే పేదలు ఎక్కువగా ఉండేలా ఎంచుకున్నారు. కాబట్టి "ఇథియోపియా పిల్లల్లో ఇంత శాతం" అని రాయడానికి ఈ డేటా పనికిరాదు. ఒకే పిల్లాడు ఐదేళ్లప్పుడు ఎలా ఉన్నాడు, పదిహేనేళ్లకి ఎలా అయ్యాడు, మధ్యలో ఏం జరిగింది అని చూడటానికి ఇది చక్కగా పనికొస్తుంది. దేశం మొత్తానికి శాతాలు కావాలంటే డీహెచ్‌ఎస్ (డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వే) చూడాలి, దాని సంగతి కింద చెప్తాను.

డేటా దించుకోవడం

యంగ్ లైవ్స్ ఫైళ్లు యూకే డేటా సర్వీస్ అనే ఆర్కైవ్‌లో ఉంటాయి. రిజిస్టర్ చేసుకోవాలి, దేనికి వాడుతున్నారో రెండు మూడు వాక్యాలు రాయాలి, షరతులకు ఒప్పుకోవాలి. ఎగబడి రౌండుకి పదేసి ఫైళ్లు దించుకోకండి. కన్‌స్ట్రక్టెడ్ ఫైల్స్ అని ఒకటి ఉంటుంది, మొదటి ఐదు రౌండ్ల నుంచి ముఖ్యమైన వేరియబుల్స్ అన్నీ ఒకే పేరుతో, ఒకే వరసలో సర్ది పెట్టారు. ఎత్తు, బరువు, బడిలో చేరాడా లేదా, ఇంటి ఆస్తుల సూచీ, తల్లి చదువు, ఇవన్నీ అందులోనే దొరుకుతాయి. మొదటి నెల దీంతోనే గడపండి. స్టాటా, ఎస్‌పీఎస్‌ఎస్ ఫార్మాట్‌లో వస్తుంది. స్టాటా కొనే స్తోమత లేకపోతే ఆర్ వాడండి, హేవెన్ ప్యాకేజీతో తెరుచుకుంటుంది, రూపాయి ఖర్చు లేదు. పైరేటెడ్ కాపీల జోలికి వెళ్లి ల్యాప్‌టాప్ పాడుచేసుకోకండి.

ఫైలు తెరిచాక రిగ్రెషన్ మీద పడకండి. ముందు క్వశ్చనేర్ పీడీఎఫ్ దించుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. బోర్ కొడుతుంది, నిజమే. కానీ ఈ రంగంలో కనిపించే తప్పుల్లో సగం ఆ పీడీఎఫ్ చదవకపోవడం వల్ల వచ్చేవే. ఒక అంకె చూడగానే రెండు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేసుకోండి: ఈ పిల్లాడు వాళ్లకి ఎక్కడ దొరికాడు? వాణ్ణి ఎవరు, ఎలా అడిగారు?

ఉదాహరణకి వయసు. గిడసబారిన పిల్లలు అంటే వయసుకు ఉండాల్సిన ఎత్తు కంటే బాగా తక్కువ ఉన్నవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణంలో మధ్యస్థం నుంచి రెండు స్టాండర్డ్ డీవియేషన్ల కంటే కింద ఉంటే అలా లెక్కేస్తారు. ఐదేళ్ల లోపు పిల్లలకి 2006 ప్రమాణం, 5 నుంచి 19 ఏళ్ల వాళ్లకి 2007 ప్రమాణం, రెండూ వేరు. ఎత్తు నేరుగా కొలుస్తారు కాబట్టి దానిలో తేడా తక్కువ. పుట్టిన తేదీ మాత్రం అమ్మ చెప్పిందే. వయసు ఆర్నెల్లు ఎక్కువ పడితే మామూలు పిల్లాడు కాస్తా గిడసబారినవాడు అయిపోతాడు. వయసుల హిస్టోగ్రామ్ గీసి చూడండి, 12, 24, 36 నెలల దగ్గర గుట్టలు కనిపిస్తే ఎవరో ఉజ్జాయింపుగా చెప్పారని అర్థం.

ఇథియోపియాలో దీని మీద ఇంకో మెలిక. వాళ్ల క్యాలెండర్ వేరు. పదమూడు నెలలు, కొత్త సంవత్సరం సెప్టెంబరులో, సంవత్సరం అంకె మన వాడుక అంకె కంటే ఏడో ఎనిమిదో తక్కువ. ఇథియోపియా డీహెచ్‌ఎస్ ఫైళ్లలో తేదీలు వాళ్ల క్యాలెండర్‌లోనే ఉంటాయి. తేదీని వరసగా నెలల్లో లెక్కపెట్టి ఇచ్చే కోడ్‌కి 92 కలిపితే మన క్యాలెండర్‌కి దాదాపు సరిపోతుంది. ఇది తెలియక 2016 సర్వేని 2008లో జరిగిందనుకుని వేరే దేశాలతో పోల్చినవాళ్లు ఏం తేల్చి ఉంటారో మీరే ఊహించుకోండి.

దేశాలను పోల్చేముందు ఇంకోటి. యంగ్ లైవ్స్‌లో పదజాలం పరీక్ష ఉంది, బొమ్మలు చూపించి మాటకు తగిన బొమ్మ ఏదో చూపమంటారు. అమ్హారిక్‌లో, ఒరోమోలో, టిగ్రిన్యాలో, తెలుగులో ఒకే ప్రశ్న ఒకే కష్టంతో ఉండదు. అధ్యయనం చేసినవాళ్లే భాషకు భాషకు స్కోర్లు పోల్చవద్దని హెచ్చరించారు. ఒక భాషలోపలే స్కోరును ప్రామాణీకరించి వాడండి. "తెలుగు పిల్లలు ఇథియోపియా పిల్లల కంటే ఇన్ని మార్కులు ఎక్కువ" అని స్లైడ్ పెడితే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

20 చోట్లు అన్నాను కదా, అదీ లెక్కలో వస్తుంది. ఒకే ఊరి పిల్లలు ఒకే బడి, ఒకే నీళ్లు, ఒకే కరువు పంచుకుంటారు కాబట్టి స్టాండర్డ్ ఎర్రర్లను ఊరి వారీగా క్లస్టర్ చేయాలి, క్లస్టర్లు 20 మాత్రమే ఉన్నప్పుడు మామూలు పద్ధతి కూడా అంత నమ్మదగింది కాదు, వైల్డ్ బూట్‌స్ట్రాప్ అనే పద్ధతి చూడండి లేదా గైడ్‌ని అడగండి. 2020 నవంబరులో టిగ్రాయ్‌లో యుద్ధం మొదలైంది, ఫోన్లు పోయాయి, బడులు మూతపడ్డాయి. ఆ తర్వాతి రౌండ్లు వాడేవాళ్లు టిగ్రాయ్ పిల్లలు ఎంతమంది మళ్లీ దొరికారో లెక్క చూసుకోకుండా ముందుకి వెళ్లకండి.

ఇతర సర్వేలు

ఇథియోపియా వద్దు, ఇంకో దేశం కావాలంటే సరే. డీహెచ్‌ఎస్ ఇంటింటికీ వెళ్లే సర్వే, 1984లో మొదలైంది, ఆఫ్రికాలో చాలా దేశాలకి ఉంది. ఇంట్లో ప్రతి పిల్లా బడికి వెళ్తోందా లేదా అన్నది ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు చెప్తారు. అమెరికా నిధులతో నడిచేది, 2025 మొదట్లో ఆ నిధులు ఆగిపోవడంతో దెబ్బతింది. కాబట్టి కావాల్సిన పాత ఫైళ్లు దొరికినప్పుడే దించి దాచుకోండి.

టీనేజర్ల ఆరోగ్యం మీదైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ కలిసి 2003లో మొదలుపెట్టిన స్కూలు విద్యార్థుల ఆరోగ్య సర్వే ఉంది, జీఎస్‌హెచ్‌ఎస్ అంటారు. 13 నుంచి 17 ఏళ్లవాళ్లు, ఘనా, బెనిన్, టాంజానియా, నమీబియా ఇలా చాలా దేశాలు. ముందు బడులను, తర్వాత ఆ బడుల్లో తరగతులను ఎంపిక చేసి, ఆ తరగతిలో ఆ రోజున్న పిల్లలందరికీ పేరు రాయకుండా నింపే కాగితం ఇస్తారు. గత 30 రోజుల్లో ఎవరైనా ఏడిపించారా, గత 12 నెలల్లో ఎంత తరచుగా ఒంటరిగా అనిపించింది, ఇలాంటి ప్రశ్నలు. పేరు లేదు కాబట్టి పిల్లలు కొంచెం నిజాయితీగా రాస్తారు, అది లాభం. ఆ రోజు బడికి రానివాళ్లు, అసలు బడి మానేసినవాళ్లు లెక్కలోకే రారు, అది నష్టం. ఎక్కువమంది హైస్కూలుకి రాకుండానే ఆగిపోయే దేశంలో ఈ డేటాతో "టీనేజర్లు" అని రాయకూడదు, "బడిలో ఉన్న టీనేజర్లు" అని రాయాలి. పిల్లలను ఎలా ఎంపిక చేశారో చెప్పే వెయిట్, స్ట్రాటమ్, పీఎస్‌యూ అని మూడు వేరియబుల్స్ ఫైల్లోనే ఉంటాయి, అవి వాడకుండా తీసిన శాతాలు చెత్తబుట్టకే.

చదువు కొలవాలంటే బడుల్లో పరీక్ష పెట్టే సర్వేలు రెండున్నాయి: దక్షిణ, తూర్పు ఆఫ్రికాలో సాక్మెక్, ఫ్రెంచి మాట్లాడే దేశాల్లో పాసెక్. సాక్మెక్ ఆరో తరగతి పిల్లలకి చదవడం, లెక్కలు పరీక్ష పెడుతుంది, 2007 విడతలో హెచ్‌ఐవీ మీద పిల్లలకు ఎంత తెలుసో కూడా పరీక్షించారు. టీచర్లకూ పరీక్ష పెడతారు, మన దగ్గర ఈ మాట ఎత్తితే ఏమవుతుందో తెలుసుగా! పాసెక్ రెండో తరగతి, ఆరో తరగతి చూస్తుంది, 2019 విడతలో 14 దేశాలున్నాయి. ఇవీ బడిలో ఉన్నవాళ్ల లెక్కలే. బడి బయట ఉన్నవాళ్లూ కావాలంటే ఉవెజో చూడండి. కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో వాలంటీర్లు ఇళ్లకే వెళ్లి పిల్లల చేత చదివించి చూస్తారు. మన ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేని చూసి అక్కడ మొదలైందే అది. అసర్ వాలంటీరుగా ఎప్పుడైనా ఊళ్లలో తిరిగుంటే ఉవెజో ఫారం చూడగానే మీకు అర్థమైపోతుంది.

నమోదు శాతాలు చూసినప్పుడు ఒక చిన్న సంగతి. ప్రాథమిక బడుల్లో నమోదు 100 శాతం దాటి కనిపిస్తే కంగారు పడకండి, అది స్థూల నమోదు, అంటే వయసుతో పనిలేకుండా ఆ తరగతుల్లో ఉన్న అందరినీ కలిపిన లెక్క. నాలుగో తరగతిలో పద్నాలుగేళ్ల పిల్లలు కూర్చోవడం చాలా దేశాల్లో మామూలే. ఆలస్యంగా చేరతారు, ఫెయిలై అక్కడే ఉంటారు. కాబట్టి తరగతిని బట్టి కాక వయసును బట్టి లెక్కేయండి.

పేపర్లు చదవడం

డేటా మీద చేయి తిరిగాక పేపర్లు చదవండి, ముందు కాదు. ముందే చదివితే అన్నీ నిజమనిపిస్తాయి.

అందరూ చెప్పే కెన్యా నులిపురుగుల అధ్యయనంతో మొదలుపెట్టండి. పశ్చిమ కెన్యాలో విక్టోరియా సరస్సు వైపు బుసియా అనే ప్రాంతం, 75 బడులు, 30,000 మందికి పైగా పిల్లలు. 25 చొప్పున మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి 1998లో, ఇంకో గుంపుకి 1999లో, మూడోదానికి 2001లో మందులు మొదలుపెట్టారు. ఎడ్వర్డ్ మిగెల్, మైఖేల్ క్రెమర్ 2004లో ప్రచురించారు: బడికి రాకపోవడం నాలుగో వంతు తగ్గింది, మందు వేసుకోని పక్క పిల్లలకీ మేలు జరిగింది, పరీక్ష మార్కులు మాత్రం పెరగలేదు. ఈ మూడో ముక్కని వార్తల్లో ఎవరూ రాయరు. హాజరు ఎలా కొలిచారో చూడండి, రిజిస్టరు నమ్మకుండా చెప్పాపెట్టకుండా బడికి వెళ్లి తలలు లెక్కపెట్టారు. మధ్యాహ్న భోజనం రిజిస్టర్లు చూసినవాళ్లకి ఆ జాగ్రత్త ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు.

2015లో వేరే పరిశోధకులు అదే డేటా తీసుకుని మళ్లీ లెక్క కట్టారు. లెక్కల్లో తప్పులు దొరికాయి, దూరపు బడులకు కూడా మేలు జరిగిందన్న వాదన బలహీనపడింది, పెద్ద గొడవే నడిచింది. అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూసే కోక్రేన్ సమీక్షేమో సామూహికంగా మందులేస్తే బరువులోగానీ చదువులోగానీ సగటున పెద్ద తేడా రాదంది. అదే బుసియా పిల్లలను ఇరవయ్యేళ్ల తర్వాత పట్టుకుని చూస్తే, రెండు మూడేళ్లు ఎక్కువ మందు తీసుకున్నవాళ్ల ఇంటి ఖర్చు 14 శాతం, గంట సంపాదన 13 శాతం ఎక్కువని 2021లో వచ్చింది. మరి ఎవరిది నిజం? నా ఉద్దేశంలో మొదట చూడాల్సింది ఊరిని. అప్పట్లో బుసియాలో 92 శాతం పిల్లలకి ఏదో ఒక పురుగు ఉంది. అంత లేని చోట అంత ఫలితం ఎందుకొస్తుంది? మన దేశంలో 2015 నుంచి ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తున్న ఆల్బెండజోల్ మాత్ర గురించి రాసేటప్పుడు కెన్యా అంకెను యథాతథంగా ఎత్తి పెట్టకండి. మాత్ర చవక, ఇవ్వడంలో నష్టం లేదు అని వేరేగా వాదించుకోండి.

అదే ప్రాంతంలో పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇచ్చి చూస్తే సగటు మార్కులు పెరగలేదు, ముందే బాగా చదివే పిల్లలకి మాత్రమే ఉపయోగపడ్డాయి. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకి అది ఇంట్లోది కాదు, బజారుది కాదు, మూడో భాష. ఇంగ్లీషు మీడియం మీద వాదించుకునే మనవాళ్లు అరవడానికి ముందు ఈ పేపరు చదివితే బావుండు.

మనకి నేరుగా సంబంధం ఉన్న జత ఇంకోటుంది. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బహుమతి అనే పథకం కెన్యాలో పెడితే, బహుమతికి ముడిపెట్టిన పరీక్షల్లో మార్కులు పెరిగాయి, కానీ నిలవలేదు, టీచర్లు ఎక్కువగా పరీక్షకి బట్టీ పట్టించారు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ బోనస్ పెట్టి చూసినప్పుడు, రెండేళ్లలో లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్లు పెరిగాయి, బోనస్‌కి సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా పిల్లలు మెరుగయ్యారు. ఆలోచన ఒకటే, ఫలితం వేరు. రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని పరీక్ష పేపరు ఎవరు తయారుచేశారు, బోనస్ ఎంత, గుంపుకా ఒక్కొక్కరికా అని పట్టిక వేయండి. సెమినార్‌కి ఇంతకంటే మంచి టాపిక్ దొరకదు.

ప్రభుత్వ అంకెలకీ ఇదే మందు. 2022లో ఇథియోపియా పన్నెండో తరగతి పరీక్షలో 50 శాతం దాటినవాళ్లు 3.3 శాతమే. ఒక్క ఏడాదిలో పిల్లలంతా మొద్దులైపోయారా? కాపీలు, పేపరు లీకులు ఎక్కువయ్యాయని ఆ ఏడాది పరీక్షల్ని పిల్లల సొంత బడుల్లో కాకుండా యూనివర్సిటీ క్యాంపస్‌లకి తరలించారు. పరీక్ష పద్ధతి మారిన చోట ముందరి ఏడాదితో గీత కలపకూడదు.

మనసు బాగోగులు కొలవడం

ఇది అన్నిటికంటే జారుడు వ్యవహారం. యంగ్ లైవ్స్‌లో తొమ్మిది మెట్ల నిచ్చెన చూపించి, పైమెట్టు నీకు అన్నిటికంటే మంచి జీవితం, కింది మెట్టు అన్నిటికంటే చెడ్డది అనుకుంటే ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నావని అడుగుతారు. పిల్లాడు ఎవరితో పోల్చుకుని చెప్తున్నాడో మనకి తెలియదు. ఊళ్లో అందరూ ఒకేలా ఉంటే ఐదో మెట్టు అంటాడు, పట్నం హాస్టల్‌కి వెళ్లాక సౌకర్యాలు పెరిగినా మూడో మెట్టు అనవచ్చు. కాబట్టి ఊళ్ల మధ్య పోల్చడం కంటే ఒకే పిల్లాడిలో మార్పు చూడటం కొంత నయం.

డిప్రెషన్, టెన్షన్ మీద పనిచేయాలనుకునేవాళ్లు కెన్యాలో షమీరి అనే కార్యక్రమం మీద 2021లో వచ్చిన ట్రయల్ చదవండి. హైస్కూలు పిల్లలకి, స్కూలు దాటిన కుర్రవాళ్లే శిక్షణ తీసుకుని నాలుగు వారాల గుంపు సమావేశాలు నడిపారు. పోల్చడానికి పెట్టిన రెండో గుంపుకి చదువు మెలకువలు నేర్పారు, అలా ఊరికే వదిలేయలేదు. అదే దాని గొప్పతనం. ఎవరో వచ్చి నాలుగు వారాలు మాట్లాడితేనే పిల్లలకి కొంచెం హాయిగా ఉంటుంది, ఆ హాయిని తీసేశాక మిగిలిందే కార్యక్రమం ఫలితం.

సొంతంగా అడగాలనుకుంటే

పిల్లల్ని మీరే వాట్సాప్‌లోనో గూగుల్ ఫారంలోనో అడుగుదామనుకోకండి. మైనర్లు, అమ్మానాన్నల అనుమతి కావాలి, పిల్లల ఒప్పుకోలూ కావాలి, ఆ దేశంలోని ఎథిక్స్ కమిటీ ఆమోదం కావాలి. కెన్యాలో అయితే నాకోస్టి అనే ప్రభుత్వ సంస్థ నుంచి పరిశోధన లైసెన్సు లేకుండా అడుగు వేయకూడదు. ఇవన్నీ ఎంఏ విద్యార్థి నాలుగు నెలల్లో సాధించేవి కావు. ఒక మార్గం ఉంది: అదే డేటాతో పనిచేసిన ఇథియోపియా, కెన్యా పరిశోధకులకి మెయిల్ రాయండి. "నాకు సాయం చేయండి" అని రాస్తే జవాబు రాదు. మీరు తీసిన ఒక పట్టిక జతచేసి, ఇందులో ఈ అంకె నాకు వింతగా ఉంది, మీ ఊళ్లలో దీనికి కారణం ఉందా అని ఒకే ప్రశ్న అడగండి. కోతల కాలంలో హాజరు పడిపోవడం, సంత రోజు బడి ఖాళీ కావడం లాంటివి కోడ్‌బుక్‌లో ఉండవు, అక్కడివాళ్లు ఒక్క లైనులో చెప్పేస్తారు. వాళ్లు చెప్పింది వాడితే పేరు వేయండి, పని ఎక్కువ చేస్తే సహరచయితగా పెట్టండి. మన ఊళ్ల మీద బయటివాళ్లు రాసి మనవాళ్ల పేర్లు కింద చిన్న అక్షరాల్లో వేస్తే మనకెలా ఉంటుంది?

డేటా షరతుల్లో ఇంకోటి ఉంటుంది, చాలామంది చదవరు: ఊళ్లనుగానీ పిల్లలనుగానీ గుర్తుపట్టే ప్రయత్నం చేయకూడదు, ఫైళ్లను స్నేహితులకి పంపకూడదు. మన జిల్లాల ఫైలు చూస్తున్నప్పుడు ఇది ఏ ఊరో కనిపెడదామని చేతులు దురదపెడతాయి, వద్దు. స్నేహితుడికి కావాలంటే వాడినే రిజిస్టర్ చేసుకోమనండి. మీరు రాసిన కోడ్ మాత్రం వ్యాఖ్యలతో సహా ఎవరికైనా ఇవ్వొచ్చు, ఇవ్వండి.